గ్రాఫ్ లేని పాట

1986 వేసవిలో మా అమ్మాయి లూసీ డ్రమ్స్ వాయించే తీరును నేను గ్రాఫ్ పేపర్ మీద గీశాను. గీయమని నన్నెవరూ అడగలేదు. తెలుసుకోవాలనిపించింది, గీశాను. చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బే అది.

అప్పటికి లూసీకి ఇరవై ఒక్కేళ్లు. యూనివర్సిటీ చదువు ఒక సెమిస్టర్ ఆపి, షికాగో దగ్గర అరోరాలో మా ఇంటికి వచ్చేసింది. హైస్కూల్ రోజుల నుంచి కెవిన్, మెగ్ అనే ఇద్దరు స్నేహితులతో కలిసి మా బేస్‌మెంట్‌లో పాటలు కట్టేది. కెవిన్ పాటలు రాసి, గిటార్ వాయిస్తూ పాడేవాడు. మెగ్ బేస్ గిటార్. లూసీ డ్రమ్స్. బ్యాండ్ పేరు ‘పార్టీ లైన్’. ఆ పేరు ఒక రకంగా నా వల్లే వచ్చింది. నేను టెలిఫోన్ కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. పాతకాలంలో నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకే లైన్ ఉండేదనీ, ఒకరి మాటలు ఇంకొకరు వినేవారనీ ఓసారి భోజనాల దగ్గర చెప్పాను. పప్పన్నం తింటున్న కెవిన్ చెంచా కింద పెట్టి, “మన పేరు దొరికింది” అన్నాడు.

రికార్డుల షాపు నడిపే ఒకాయన వాళ్ల పాటలతో ఒక చిన్న రికార్డు వేశాడు. కాలేజీ రేడియోల వాళ్లు దాన్ని తెగ వేశారు. ముగ్గురూ ఒక పాత వ్యాన్‌లో ఊరూరా తిరిగి వాయించారు. ఆ ఏడాది మార్చిలో లాస్ ఏంజెలెస్ నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చి, ఆల్బమ్ చేద్దామని సంతకాలు పెట్టించుకున్నారు.

మా ఆవిడ దేవకుమారి హాస్పిటల్లో నర్సు. తను లూసీని ఒకటే మాట అడిగింది.

“ఆగస్ట్‌లో క్లాసులు మొదలవుతాయి. అప్పటికి అయిపోతుందా?”

“అయిపోతుంది మమ్మీ. జూలై ఎండ్‌కి డన్.”

“అయితే చేసుకో.”

రికార్డింగ్ షికాగోలో. లూసీ కారు అప్పటికే మూలనపడింది. నాకు మూడు వారాల సెలవు మిగిలి ఉంది. రోజూ నేనే దింపుతానన్నాను. కుమారి నవ్వింది. “మీ డాడీ నిన్ను దింపడానికి వస్తున్నారనుకుంటున్నావా? ఆ మెషీన్లు చూడ్డానికి వస్తున్నారు.”

నిజమే.

స్టూడియో ఒకప్పుడు పరుపుల ఫ్యాక్టరీ అట. కిటికీలు లేని గదులు. ఒక గదిలో వాయించేవాళ్లు, మధ్యలో మందపాటి అద్దం, ఇవతల గదిలో తలుపంత బల్ల, దాని నిండా మీటలు. నా ఉద్యోగమంతా ఫోన్ లైన్లలో గరగరలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడం. ఇక్కడ గరగర అన్నదే లేదు. లోపలికి అడుగుపెట్టగానే నా ఊపిరి నాకే వినిపించింది.

టేపులు చూసుకునే ఇంజనీర్ పేరు వాల్టర్. అరవై దాటినవాడు, పూర్వం రేడియోలో పనిచేశాడు. నా ప్రశ్నలకు విసుక్కోని మనిషి ఆయనొక్కడే. రెండో రోజు నన్ను పిలిచి, రెండంగుళాల వెడల్పున్న టేపును చక్రం మీంచి కొంచెం లాగి చూపించాడు.

“డ్రమ్ మీద ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దూరం ఎంతో చూస్తావా ఏబ్?” నా పేరు అబ్రహాం. అక్కడ అందరికీ ఏబ్‌ని.

టేపును చేత్తో ముందుకీ వెనక్కీ జరిపి, తెల్ల పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టాడు. మూరకు కొంచెం తక్కువ ఉంది. కాలాన్ని అలా పొడుగ్గా చేతిలో పట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మధ్య ముక్కను బ్లేడుతో కోసి తీసేస్తే పాట అంత మేర తగ్గిపోతుందట. ఇంటికి వెళ్లేదాకా లూసీకి అదే చెప్పాను. “తెలుసు డాడీ” అంది మూడుసార్లు.

ప్రొడ్యూసర్ డెన్నిస్‌ను కంపెనీ వాళ్లే పంపారు. గొంతు పెంచడు. ఎప్పుడూ దగ్గుబిళ్ల చప్పరిస్తూ ఉండేవాడు. చెడ్డవాడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అతని పద్ధతి ఏమిటంటే, వాయించేవాళ్ల హెడ్‌ఫోన్స్‌లో గడియారంలా టిక్ టిక్ మని ఒక చప్పుడు నడుస్తూ ఉంటుంది. డ్రమ్స్ కచ్చితంగా దాని మీదే పడాలి. అదీ ఒంటరిగా వాయించాలి. గిటార్లు, పాట తర్వాత వేరేగా ఎక్కిస్తారు.

మొదటి పాటకు లూసీ ఇరవై రెండు సార్లు వాయించింది. నేను అద్దం ఇవతల సోఫాలో కూర్చుని చూశాను. పదిహేనోసారికి దాని భుజాలు బిగుసుకుపోయాయి. అన్నీ సరిగ్గానే పడుతున్నాయి. కానీ వినడానికి ఎవరో మేకులు కొడుతున్నట్టుంది. కెవిన్ దాని మీద పాడబోయి, రెండు లైన్లు పాడి ఆపేశాడు.

“ఆ టిక్ తీసేస్తే ఎలా ఉంటుంది?” అన్నాడు.

డెన్నిస్ తీసేసి ఒకసారి వాయించమన్నాడు. విన్నాడు. “ఇందులో ప్రాణం ఉంది. ఒప్పుకుంటాను. కానీ లూసీ టైమ్ నిలకడగా లేదు. జనం దీన్ని కార్లో వింటారు. మిగతా పాటల మధ్య ఇది తూలుతున్నట్టు ఉంటుంది.”

లూసీ కర్రలు ఒళ్లో పెట్టుకుని వింది. 

నిలకడగా లేదన్న మాట నన్ను వదల్లేదు. కూతురి తరఫున కోపం వచ్చిందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది అబద్ధం. నాకు వచ్చింది ప్రశ్న. నిలకడగా లేదంటే ఎంత? ఎక్కడ?

శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద రికార్డ్ ప్లేయర్ పెట్టుకుని, వాళ్ల పాత రికార్డులోంచి ఒక పాట తీసుకున్నాను. పదహారు దెబ్బలకు ఎన్ని సెకన్లు పడుతున్నాయో స్టాప్‌వాచ్‌తో చూశాను. నా వేలు కూడా తప్పు చేస్తుంది కాబట్టి ఒక్కోచోట ఐదుసార్లు కొలిచి సగటు తీశాను. చుక్కలు పెట్టి కలిపాను.

గీత పూర్తయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పాట మొదట్లో నిమిషానికి నూట ముప్ఫై ఎనిమిది దెబ్బలు. కోరస్‌కు కాస్త ముందు నుంచి గీత మెల్లగా లేస్తుంది. కోరస్‌లో నూట నలభై నాలుగు. కోరస్ దాటగానే మళ్లీ నూట ముప్ఫై ఎనిమిది. రెండో కోరస్‌లో అంతే. మూడో కోరస్‌లోనూ అంతే. తూలడం కాదది. తూలేవాడు ప్రతిసారీ ఒకే చోట, ఒకే మోతాదులో తూలడు.

డ్యూటీ నుంచి వచ్చిన కుమారికి చూపించాను. చెప్పులు కూడా విప్పకుండా చూసింది.

“ఇందులో వింతేముందండీ? మన సంఘంలో పల్లవికొచ్చేసరికి అందరూ పరిగెత్తరూ? మళ్లీ చరణం దగ్గర దమ్ము తీసుకుంటారు. అది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ప్రేమానందం గారి ఢోలక్ పక్కన కూర్చునే పెరిగింది.”

తెలుగు క్రైస్తవ కుటుంబాలం ఆదివారాలు మధ్యాహ్నం ఒక లూథరన్ చర్చి హాలు అడిగి తీసుకుని కూడుకునేవాళ్లం. కుమారి అక్కడ హార్మోనియం వాయించేది. ప్రేమానందం గారిది ఢోలక్. అది నాకు తట్టనే లేదు. కాగితాన్ని మళ్లీ చూసుకున్నాను. మా సంఘమంతా అందులో ఉన్నట్టనిపించింది.

సోమవారం ఆ గ్రాఫ్‌ను డెన్నిస్‌కు ఇచ్చాను. దీన్ని చూస్తే అతను లూసీని దాని మానాన వాయించనిస్తాడని నా ఆశ. అతను దగ్గుబిళ్ల చప్పరించడం ఆపేశాడు.

“మీరే చేశారా? చేత్తో?”

“స్టాప్‌వాచ్‌తో.”

“ప్రతి కోరస్‌కూ ఇలాగేనా?”

“ఈ పాటలో ప్రతి కోరస్‌కూ.”

“మిగతా పాటల్లో?”

“తెలియదు. చూస్తేగాని చెప్పలేను.”

“చూసి పెడతారా?”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ‘ఓ’ అన్నాను. ఆల్బమ్‌లో పది పాటలు. తొమ్మిదింటిని వాళ్లు మా బేస్‌మెంట్‌లోనే క్యాసెట్ల మీద రికార్డు చేసుకుని ఉన్నారు. పదో పాటను కెవిన్ ఇంకా రాస్తున్నాడు. ఆ వారం గిటార్ల పని ఉంది కాబట్టి చేతులకు విశ్రాంతి ఇమ్మని డెన్నిస్ లూసీని ఇంటి దగ్గరే ఉండమన్నాడు. నేను మూడు రోజులు బల్ల ముందు నుంచి లేవలేదు. లూసీ మంచినీళ్ల కోసం వచ్చి ఒకసారి నా భుజం మీంచి చూసింది.

“ఏంటిది డాడీ?”

“నీ మీద రీసెర్చ్.”

“ఐ యామ్ నాట్ దట్ ఇంట్రెస్టింగ్” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఎందుకు కాదు? తొమ్మిది పాటలకు తొమ్మిది రకాలు. ఒకదాంట్లో చివరి కోరస్‌కు వేగం పెంచకుండా తగ్గిస్తుంది. ఒకదాంట్లో కెవిన్ మాట ముగిసేదాకా రవ్వంత ఆగుతుంది. ఇరవై ఒక్కేళ్లుగా ఇంట్లో ఉన్న పిల్ల గురించి నాకు ఇన్ని సంగతులు తెలియవు.

గురువారం ఒక్కణ్నే వెళ్లి డెన్నిస్‌కు తొమ్మిది కాగితాలూ ఇచ్చాను. సాయంత్రం దాకా ఉండి గిటార్ల పని చూశాను. బయలుదేరబోతుంటే కాఫీ మెషీన్ దగ్గర వాల్టర్ నన్ను ఆపాడు.

“ఏబ్, ఆ కాగితాలు ఎందుకో నీకు చెప్పారా?”

“లేదు.”

“రా.”

పక్క గదిలోకి తీసుకెళ్లాడు. టైప్‌రైటర్ అంత యంత్రం, మీద వరసగా బొత్తాలు. ఎదురుగా గోడకు సోమవారం నేనిచ్చిన గ్రాఫ్ అతికించి ఉంది. దాని మీద డెన్నిస్ ఎర్ర పెన్సిల్‌తో అంకెలు వేసుకున్నాడు. వాల్టర్ ఒక బొత్తాం నొక్కాడు. డ్రమ్స్ మోగాయి. చరణం నడిచింది, కోరస్‌కు ముందు లేచింది, దాటాక దిగింది. అచ్చం లూసీ లాగే.

నాకు మొదట కలిగింది సంతోషం. అది దాచను. నా అంకెలు సరిపోయాయి. యంత్రానికి ఇస్తే నా కూతురు బయటికి వచ్చింది.

తర్వాత తెరిచిన తలుపులోంచి, అద్దం అవతలి గదిలోకి చూశాను. లూసీ డ్రమ్స్ మీద దుప్పటి కప్పి ఉంది.

“తొమ్మిదీ దీంతోనే చేస్తాడు. రేపు వాళ్లకు వినిపిస్తాడు” అన్నాడు వాల్టర్. “నువ్వు ముందే తెలుసుకుంటే మంచిదని చెప్పాను.”

ఇంటికి వచ్చేసరికి లూసీ మెగ్ వాళ్లింటికి వెళ్లి ఉంది. కుమారికి అంతా చెప్పాను. తను కూర తరుగుతూ కత్తి ఆపింది.

“మీకు తెలుసుకోవాలనుంటే తెలుసుకోండి. తెలిసిందల్లా తీసుకెళ్లి ఊళ్లో పంచాలా?”

తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది.

“రేపు కార్లోనే చెప్పేయండి. అది అక్కడికెళ్లి పదిమందిలో తెలుసుకోకూడదు.”

మర్నాడు కారులో నలభై మైళ్లు నేను చెప్పలేదు. టోల్ బూత్ బుట్టలో నాణెం పడగానే గేటు ఎలా లేస్తుందో చెప్పాను. ఆ ఏడాది మొక్కజొన్న బాగా ఎదిగిందని చెప్పాను. లూసీ కొత్త కర్రల జత కొనుక్కుని ఒళ్లో పెట్టుకుంది. పెచ్చు లేస్తుందేమోనని బొటనవేలితో తడుముతూ, “ఇవాళ మంచిగా ఆడుతుంది డాడీ, చూడు. నా రిస్ట్స్ ఫ్రెష్‌గా ఉన్నాయి” అంది. దాని తెలుగులో డ్రమ్స్ ఎప్పుడూ ‘ఆడేవి’. వాయించడమన్న మాట దానికి నోరు తిరిగేది కాదు.

ముగ్గుర్నీ సోఫాలో కూర్చోబెట్టి డెన్నిస్ టేపు వేశాడు. కెవిన్ మొహం చూస్తే అతనికి ముందే తెలుసని అర్థమైంది. కింద కార్పెట్ కేసి చూస్తున్నాడు. మెగ్ పాట సగంలో, “ఎవరు వాయిస్తున్నది?” అంది. డెన్నిస్ చెయ్యెత్తి ఆగమన్నాడు.

లూసీ మొత్తం వింది. “ఇంకోసారి వెయ్యండి” అంది.

రెండోసారి కోరస్ వస్తుంటే దాని కుడికాలు దానంతటదే నేల మీద కదిలింది. యంత్రంతో పాటు, సరిగ్గా.

“దీనికి ఇలా వాయించడం ఎవరు నేర్పారు?” అని అడిగింది.

“మీ నాన్నగారు” అన్నాడు డెన్నిస్. మెచ్చుకుంటూనే అన్నాడు. “అద్భుతమైన పని. ఆయన లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.”

నేనా సోఫా చేతి మీద కూర్చుని ఉన్నాను. లేవాలో కూర్చోవాలో తెలియలేదు. లూసీ లేచి పక్క గదిలోకి వెళ్లి, గోడ మీది గ్రాఫ్ ముందు నిలబడింది. నేను వెనకే వెళ్లాను. గీత వెంట వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా వెళ్లింది.

“నేను ఇలా ఆడతానా డాడీ?”

“అవును.”

“ఎవ్రీ టైమ్?”

“ప్రతిసారీ.”

“నాకు తెలీదు” అంది. ఆ గొంతులో కోపం కోసం వెతికాను. లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది. ఇంకాసేపు చూసి, వెనక్కి వచ్చి డెన్నిస్‌తో ఇంగ్లీషులో, “బాగుంది” అంది. కొత్త కర్రల్ని సంచిలో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“పొద్దున్న కార్‌లో నీకు తెలుసా?”

“తెలుసు.”

కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

శనివారం పొద్దున్న బేస్‌మెంట్‌లోంచి డ్రమ్స్ వినిపించాయి. నాకు కాస్త ఊరట కలిగింది. అంతలో ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ అక్కడే ఆగాయి. నాలుగోసారి నేను మెట్ల మీద సగం దాకా దిగాను. లూసీ స్టూలు మీద కూర్చుని, కర్ర చివర చూసుకుంటోంది.

“కోరస్ రాకముందే నాకు తెలిసిపోతోంది డాడీ. ఇదిగో, ఇప్పుడు లైన్ పైకి వెళ్తుంది అని. ముందు అది తెలిసేది కాదు. జస్ట్ అయ్యేది.”

“నేను తప్పు చేశానమ్మా.”

“నువ్వు కరెక్ట్‌గానే గీశావు. అదే ప్రాబ్లమ్.” కర్రను పక్కన పెట్టింది. “ఆ పేపర్‌ని చూశాక ఇంక అన్‌సీ చెయ్యలేను కదా.”

ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఏదైనా కొలిస్తే బాగుపడిందే గాని చెడిపోయింది లేదు. అది మొదటిసారి. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. లూసీ దీపం ఆర్పి, నన్ను దాటుకుని పైకి వెళ్లింది.

ఆదివారం సంఘానికి ముగ్గురం వెళ్లాం. లూసీ రానంటే కుమారి ఒప్పుకోలేదు. ప్రేమానందం గారు చేతికి కట్టుతో వచ్చారు. గడ్డి కోసే మెషీన్ స్టార్ట్ చెయ్యబోతే మణికట్టు బెణికిందట. ఢోలక్ గోడ పక్కన పడి ఉంది. కుమారి హార్మోనియం ముందు కూర్చుని లూసీ వైపు చూసింది.

“రా.”

“మమ్మీ, ఐ డోంట్ వాంట్ టు.”

“అందరూ నిలబడున్నారు. రా.”

ప్రేమానందం గారు మంచి చెయ్యి ఊపారు. “రామ్మా, నా పరువు కాపాడు!” నలుగురూ నవ్వారు. లూసీ వెళ్లి నేల మీద కూర్చుని ఢోలక్ ఒళ్లోకి లాక్కుంది.

కీర్తన మొదలైంది. మొదటి చరణంలో దాని పెదాలు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోందని నాకు తెలిసింది. తల దించుకున్నాను. మా వాళ్ల పాట ఎవరి లెక్కకూ అందేది కాదు. ముందు వరసలో నరసాపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, పేరు సుమతమ్మ గారు, చరణం చివరి అక్షరాన్ని పట్టుకుని వదల్లేదు. ఆవిడకు అక్కడ ప్రభువుతో ఏదో మాట ఉన్నట్టుంది. హార్మోనియం ఆగి చూస్తోంది. మిగతా గొంతులన్నీ ఒక్కొక్కటే ఆగాయి. లూసీ చెయ్యి గాల్లో నిలబడింది. లెక్కపెట్టే పెదాలు ఆగిపోయాయి. ఆవిడ ఎప్పుడు వదులుతుందో ఎవరికి తెలుసు? లూసీ ఆవిడ మొహం కేసే చూస్తోంది.

ఆవిడ వదిలింది. చెయ్యి పడింది. అరవై గొంతులు ఒక్కసారి పల్లవిలోకి దూకాయి.

మూడో చరణానికి లూసీ ఎవరి వైపూ చూడటం లేదు. జుట్టు మొహం మీద పడినా తీసుకోలేదు. నా చూపుడువేలు మోకాలి మీద లెక్కపెడుతోందని అప్పుడు గమనించి, ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న లూసీ వంటింటి ఫోన్‌లోంచి డెన్నిస్‌కు ఫోన్ చేసింది. కెవిన్ పదో పాట పూర్తిచేశాడు. దానికి క్యాసెట్ లేదు, కాబట్టి గ్రాఫ్ లేదు. ముగ్గురూ అంతకుముందు వారం మెగ్ వాళ్ల గ్యారేజీలో నాలుగైదుసార్లు వాయించుకున్నారు, అంతే. డెన్నిస్ దానికి కూడా యంత్రాన్నే అనుకున్నాడు, సమమైన వేగంతో.

“ముగ్గురం ఒకే గదిలో వాయిస్తాం” అంది లూసీ. “హెడ్‌ఫోన్స్‌లో టిక్ ఉండకూడదు. రెండుసార్లే. నచ్చకపోతే నీ మెషీన్ పెట్టుకో, నేను ఒక్కమాట మాట్లాడను.”

అవతల అతను ఏదో చాలాసేపు చెప్పాడు. లూసీ ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ వింది. “తొమ్మిది పాటలకు బాగుందన్నాను కదా” అంది చివరికి. “ఇది పదోది.”

బుధవారం సాయంత్రం అతనికి ఫ్లైట్ ఉంది. ఆ మధ్యాహ్నం రెండు గంటల టైమ్ ఇస్తానన్నాడు.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. “దింపుతావా డాడీ?”

“దింపుతాను.”

“లోపలికి రావద్దు.”

“సరే.”

“కోపంతో కాదు.”

“నాకు తెలుసు.”

బుధవారం స్టూడియో వెనక పార్కింగ్‌లో కారు నీడకు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా టైర్ల షాపు. ఒకతను టైర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్లీ ఎందుకో తీసి పేరుస్తున్నాడు. ఇటుక గోడలోంచి ఏమీ వినిపించలేదు. అద్దాలు దించితే వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. దించలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గంటన్నర తర్వాత వాల్టర్ సిగరెట్ కోసం బయటికి వచ్చాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. ఏమైందని అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆల్బమ్ సంగతి ముందే చెప్పేస్తాను. ఆ మరుసటి ఫిబ్రవరిలో వచ్చింది. అట్ట మీద ముగ్గురి ఫోటో, వెనక ‘డ్రమ్స్: లూసీ అబ్రహాం’ అని. తొమ్మిది పాటలు యంత్రం, చివరిది లూసీ. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తొమ్మిదిలో ఒకటి కొన్నాళ్లు రేడియోలో వచ్చింది. మా ల్యాబ్‌లో వాళ్లు నన్ను అభినందించారు, నేను థ్యాంక్స్ చెప్పాను. కుమారి బట్టలు మడతపెడుతూ మొదటిసారి మొత్తం వింది. తొమ్మిది పాటలకూ మర్యాదగా తల ఊపింది. పదోది మొదలైన నిమిషానికి, చేతిలో తువ్వాలుతో, బేస్‌మెంట్ మెట్ల వైపు తిరిగి, “లూసీ, తగ్గించవే! చెవులు పోతున్నాయ్!” అని కేకేసింది. అప్పటికి లూసీ ఇంట్లో లేదు. ఒహాయోలో ఎక్కడో వ్యాన్‌లో ఉంది. ఆగస్ట్‌లో క్లాసులకు వెళ్లలేదు. సెప్టెంబర్‌లో పాటల యాత్రకు వెళ్లింది. కుమారి నన్ను చూసి నవ్వి, ఆ తువ్వాలుతోనే కళ్లు ఒత్తుకుంది.

కంపెనీ రెండో ఆల్బమ్ అడగలేదు. బ్యాండ్ ఇంకో రెండేళ్లు నడిచి ఆగింది. లూసీ తర్వాత చదువు పూర్తిచేసింది. వాయించడం మానలేదు. ఆ తొమ్మిది పాటలూ దాని చేతికి మళ్లీ ఎప్పుడు వచ్చాయో, వచ్చాయో లేదో, నేను అడగలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ బుధవారం గురించి.

నాలుగు గంటలకు లూసీ బయటికి వచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది. కారెక్కి తలుపు వేసుకుంది. నేను కారు స్టార్ట్ చేశాను. ఊరు దాటాం. టోల్ రోడ్డు మీదికి వచ్చాం. ఎండ ఎదురుగా కళ్లల్లో పడుతోంది. నా నోటి నిండా ప్రశ్నలున్నాయి. మొదటిసారికే వచ్చిందా? డెన్నిస్ ఏమన్నాడు? కెవిన్ ఎలా పాడాడు? ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

ఓక్ బ్రూక్ దాటాక లూసీ నా వైపు తిరిగింది.

“అడగవా?”

“అడగను.”

నన్ను కాసేపు అలాగే చూసింది. తర్వాత కాళ్లు సీటు మీదికి లాక్కుని, చెప్పడం మొదలుపెట్టింది. మొదటిసారి మెగ్ మధ్యలో నవ్వేసిందట. రెండోసారి కెవిన్ ఒక లైన్ మర్చిపోయి, ఉన్న లైన్‌నే మళ్లీ పాడాడట. అతను ఏం చేస్తాడో తెలియక ఇది ఆగిందట. “ఆ ఆంటీ కోసం ఆగాను కదా చర్చ్‌లో, అలా.” అతను ఊపిరి తీసుకోవడం కనిపించిందట. ఆ తర్వాత ఏమైందో దానికి సరిగ్గా గుర్తులేదట. కర్ర ఒకటి విరిగిందట. డెన్నిస్ విని, దగ్గుబిళ్ల కాగితం విప్పుతూ, “సరే, ఇది ఉంచుదాం” అన్నాడట. వాల్టర్ టేపు డబ్బా మీద తేదీ వేసి, దాని పక్కన చిన్న నక్షత్రం గీశాడట.

ఇంగ్లీషులో చెబుతోంది, తెలుగులోకి వస్తోంది, మళ్లీ ఇంగ్లీషులోకి పోతోంది. చేతులు డ్యాష్‌బోర్డ్ మీద పడుతున్నాయి. చిన్నప్పుడు స్కూల్ నుంచి వచ్చి ఇలాగే చెప్పేది. అప్పట్లో మధ్యలో ఆపి ఏదో ఒకటి అడిగేవాణ్ని.

అరోరా ఎగ్జిట్ వచ్చింది. బోర్డు చూశాను. లూసీ చూడలేదు. అది అప్పుడే కెవిన్ ఊపిరి సంగతి మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. నేను ఇంటి వైపు మళ్లించకుండా ఆ వరసలోనే పోనిచ్చాను. ఇళ్లు అయిపోయాయి. రెండు వైపులా మొక్కజొన్న చేలు మొదలయ్యాయి.